చెప్పులు విడవొద్దన్న మేనత్త

మొన్న పొద్దున్నే చొప్పదండి నుంచి ఫోను. మా మేనత్త పోయింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఏడుపుకన్నా ముందు నాకు చెప్పులు గుర్తుకొచ్చాయి. ఎందుకో చెప్తాను.

ఆమెకూ నాకూ షుగరే. ఇద్దరమూ ఇన్సులిన్ మీద బతికేవాళ్లం. ఆమె రోజూ కాలివేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూసుకునేది. నాకు నవ్వొచ్చేది.

"నవ్వు అల్లుడా, నవ్వు. మొఖం అద్దంల సూస్కుంటవు, కాళ్లను ఎవలు సూడాలె?" అనేది.

కొన్నేళ్ల కింద మొక్కు తీర్చడానికి జాతరకు ఉత్తకాళ్లతో నడిచాను. షుగర్‌కు పాదాలు మొద్దుబారి ముల్లు దిగినా తెలియలేదు. పెద్దపల్లిలో ఇల్లు చేరేసరికి పాదం ఎర్రగా వాచి కాలిపోతోంది. "వాపు మీద సూదేస్తే చీము వడ్తది," అని నన్ను కన్న అవ్వే ఇన్సులిన్ మాన్పించింది. మా వాడకట్టంతా అదే మాట. పైగా నాకు తిండి సయించడం లేదు, తిననివాడికి సూదెందుకన్నారు.

కబురు విని మేనత్త మొదటి బస్సుకే దిగింది. పాదం మీద చేయి పెట్టింది. షుగర్ చూసింది.

"తింటలేడు. మరి గింత షుగర్ యాడికెల్లి వచ్చింది?"

"వదినె, జర వాపు తగ్గినంక దవాఖానకు..." అని అవ్వ నసిగింది.

"గప్పటిదాంక కాలు ఉండద్దా?"

అప్పటికప్పుడే నన్ను దవాఖానకు తీసుకెళ్లింది. ఆలస్యం చేస్తే కాలికే ముప్పని డాక్టరమ్మ కూడా అంది. ఒంట్లో పుండు, వాపు ఉంటే తినకపోయినా చక్కెర పెరుగుతుందట, ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనీయదట. చక్కెర పెరిగితే పుండు మానదు. అలాంటప్పుడు సూది మానకూడదు, ఎంత వేయాలో అడగాలి. బొటనవేలు దక్కుతుందో లేదో అప్పుడే చెప్పలేనంది. మేనత్త నా కాళ్ల దగ్గరి నుంచి కదల్లేదు.

"వాపు, షుగరు వియ్యపురాండ్లురా. ఒకలు గొంతు లేపితె ఇంకొకలు ఊకుంటరా? ఇద్దర్నీ ఒక్కపారే కూసోవెట్టాలె," అంది.

వేలు దక్కింది. అది ఆమె పెట్టిన భిక్షే. "నేను సచ్చిననాడు సుత చెప్పులిడువకు," అని ఆ రోజే ఒట్టు వేయించుకుంది.

మొన్న పాడె ఎత్తబోతుంటే ఒక పెద్దాయన నా కాళ్లు చూశాడు. "పాడె మోసెటోడు చెప్పులేసుకుంటడా? ఇడువు!"

అందరూ ఆగారు. దారంతా కంకర. నిప్పు కుండ పట్టుకొని ముందున్న మేనత్త కొడుకు వెనక్కి తిరిగాడు.

"ఉండనియ్యి పెద్దబాపు. గది మా అవ్వ మాట."

పాడె లేచింది.

తిరిగొచ్చి గుమ్మం బయట కాళ్లు కడుక్కున్నాను. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూసుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. మేనత్తతో చెబుదామని తలెత్తాను.