హంసలదీవికి రెండు జీపులు

ఆ ఆదివారం తెల్లవారుజామున ఐదూ నలభైకి విజయవాడ పటమట నుంచి రెండు జీపుల్లో హంసలదీవికి బయల్దేరాం. కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానం చేయాలని మా అత్తగారి కోరిక. మాఘ పౌర్ణమి రద్దీ తగ్గాక తీసుకెళ్తామని మాటిచ్చాం. ముందు జీపు మా తోడల్లుడు శ్రీధర్‌ది. అంటే నా భార్య లక్ష్మికి చెల్లెలి మొగుడు. ఆ చెల్లెలూ అందులోనే ఉంది. వెనక జీపు నాది. అత్తగారు ఎందులో ఎక్కారో చెప్పనక్కర్లేదు.

రెండూ పాత పెట్రోలు జీపులే. ఒకే ఏడాది కొన్నాం, ఆటోనగర్‌లో ఒకే షెడ్డులో పాత ఇంజన్లు తీయించి కారు డీజిల్ ఇంజన్లు పెట్టించాం. అతని బండిలో ఆ ఇంజన్ అత్తింట్లో అల్లుడిలా కుదిరిపోయింది. నాది మాత్రం పాతిక కిలోమీటర్లు పోతే పొగలు కక్కేది. రెండేళ్ల కిందట కంకిపాడు దగ్గర అత్తగారిని గంటసేపు ఎండలో నిలబెట్టింది. ఆ రోజు నుంచి ఆవిడ నా జీపులో కాలు పెట్టలేదు. పెళ్లిళ్లయినా, ఆస్పత్రయినా "శ్రీధర్‌కి ఫోన్ చెయ్యమ్మా" అంటారు. పెద్దల్లుణ్ణి నేను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఈ ఏడాది పట్టుబట్టి బాగు చేయించాను. ఇంజన్ పెద్దది చేసి రేడియేటర్ చిన్నదే ఉంచితే వేడి ఎక్కడికి పోతుంది? అందుకని రెండింతల రేడియేటర్ వేయించాను. ఫ్యాను దానికి దగ్గరగా జరిపించి, గాలి పక్కలకు పోకుండా చుట్టూ రేకు తొడుగు కట్టించాను. ఈ ప్రయాణం దానికి పరీక్ష. నా పరువుకి కూడా.

"దారిలో ఆగకపోతే వచ్చేటప్పుడు మీ బండిలో ఎక్కుతాలెండి బాబూ" అన్నారు అత్తగారు, శ్రీధర్ జీపు ముందు సీట్లో సర్దుకుంటూ.

ఆరున్నరకు ఉయ్యూరులో టిఫిన్‌కి ఆగాం. ఇడ్లీ వేడిగా ఉంది, అల్లం పచ్చడి ఘాటుగా ఉంది. నేను రెండు ఇడ్లీలు తిని లేచి శ్రీధర్ జీపు దగ్గరికి నడిచాను. అతను ఇంజన్ ఆపకుండానే దిగాడు. ఇంజన్ వేడి చూపే మీటరులో ముల్లు సరిగ్గా సగంలో ఉంది. నేను దిగేటప్పుడు నా ముల్లు సగం దాటి కొంచెం పైన ఉంది. ఆ కొంచెం గుర్తొచ్చి మూడో ఇడ్లీకి వెనక్కి వెళ్లలేదు.

"బాగానే వస్తోందా అన్నయ్యగారూ?" అన్నాడు శ్రీధర్.

"దానికేం, రాయిలా ఉంది" అన్నాను.

పామర్రులో కుడికి తిరిగి కూచిపూడి మీదుగా వెళ్లాలి. అక్కడి నుంచి శ్రీధర్‌ని వదల్లేదు. అతని వెనక నాలుగు బారల దూరం కూడా ఇవ్వలేదు. అతను యాభైలో పోతే నేనూ యాభై. "అంత ఆనుకుని పోతారేంటండీ, ముందేం కనపడుతోందని?" అంది లక్ష్మి. వెనకబడ్డానని అత్తగారు అద్దంలో చూసి అనుకోకూడదు, అంతే. కూచిపూడి దాటాక రైతులు కోసిన మినుముని రోడ్డు మీదే పరిచారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఈ పక్క అలవాటు. శ్రీధర్ చక్రాల కింద నుంచి పొట్టూ దుమ్మూ మబ్బులా లేచేవి. నేను అద్దాలు ఎక్కించి ఆ మబ్బులోనే నడిపాను.

ఎనిమిదీ పదికి, చల్లపల్లి ఇంకా కిలోమీటరుందనగా నా ముల్లు ఎర్ర గీత తాకింది. ఆపాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ముందు జీపు కూడా ఆగింది. అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, మళ్లీ లోపలికి తీసుకున్నారు. తిట్టినా బాగుండేది.

ఇంజన్ అరగంట చల్లారాక మెల్లగా చల్లపల్లిలో ఒక మెకానిక్ షెడ్డుకి చేర్చాం. మస్తాన్ గారని అరవయ్యేళ్ల మనిషి. రేడియేటర్ మూత మీద చెయ్యి వేయకుండా ముందు దాని ముఖంలోకి వంగి చూశారు. వేళ్లతో ఒక పిడికెడు మినప పొట్టు లాగి నా అరచేతిలో పెట్టారు.

"పనంతా శుభ్రంగా చేయించారండీ. గాలే తగలట్లేదు. ఎవరి వెనకైనా ఆనుకుని వచ్చారా?"

"మా తోడల్లుడి వెనక."

"ఆయన ఎగరేసిందంతా మీరు మింగారు. ఆయన సైలెన్సరు వేడీ మీకే కొట్టింది." తర్వాత బండి ముందు భాగం చూసి నవ్వారు. నాలుగు పెద్ద లైట్లు, వాటి మధ్య మా ఇంటిపేరు చెక్కించిన స్టీలు పలక. "రేడియేటర్‌కి గాలి కావాలి గానీ ఇంటిపేరు ఎందుకండీ దానికి?"

పలకా, రెండు లైట్లూ విప్పించి వెనక పడేశాను. నీళ్ల గొట్టంతో ఇంజన్ వైపు నుంచి బయటికి కొడితే పొట్టంతా ముద్దలుగా రాలింది. నీళ్లు నింపాక జీపుని కాలవ వంతెన ఎక్కే వాలు మీదికి తీసుకెళ్లి మూతి పైకి ఉండేలా ఆపమన్నారు. ఈ చదును నేలలో వాలంటే వంతెనలే. మూత తీసి ఉంచే ఇంజన్ తిప్పితే లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా బయటికొచ్చింది. "ఇది పోకపోతే ఎన్ని నీళ్లు పోసినా దండగండీ" అన్నారు.

మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. ఈసారి చాలా దూరం వదిలి నడిపాను. ముల్లు సగం దగ్గరే కూర్చుంది. పదీ ఇరవైకి హంసలదీవి చేరి జీపులు రెండూ సరుగుడు చెట్ల నీడన పెట్టాం. మీరెప్పుడైనా వెళ్తే తాగడానికి నీళ్లు తీసుకెళ్లండి, ఇసుకలో చాలా దూరం నడవాలి. నది రంగు ఎక్కడ ఆగిందో, సముద్రం రంగు ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనపడుతుంది. అత్తగారు మూడు మునకలు వేసి, పసుపు కుంకుమ వదిలి, తడి చీరతో ఒడ్డెక్కి నా వైపు చూశారు.

"చల్లపల్లి నుంచి ఆగలేదుగా బాబూ. వచ్చేటప్పుడు మీ బండిలోనే వస్తాలెండి."

నాకు ఆ మాటకి సముద్రమంత సంతోషం కలిగింది.

ఆవిడ సంచి తెద్దామని ఒక్కణ్ణే జీపుల దగ్గరికి వెళ్లాను. సంచి తీసుకుని, అలవాటు కొద్దీ శ్రీధర్ మీటరు వైపు చూశాను. ముల్లు సరిగ్గా సగంలో ఉంది. బండి ఆపి రెండు గంటలైంది. తాళం చెవి శ్రీధర్ దగ్గరుంది. ముల్లు ఎప్పుడో కిందికి పడిపోయి ఉండాలి. బానెట్ ఎత్తి గొట్టం పట్టుకుంటే చల్లగా ఉంది. మూత తీసి చూస్తే నీళ్లు కనపడలేదు. రెండు సీసాలు పోస్తే గానీ నిండలేదు. రెండేళ్లుగా నేను కుళ్లుకున్నది ఒక చచ్చిన ముల్లుని చూసి.

శ్రీధర్ తల తుడుచుకుంటూ వచ్చి బానెట్ ఎత్తి ఉండటం చూసి నిలబడిపోయాడు.

"ఇంజన్ మార్చినప్పట్నుంచీ అంతేనండి. కొత్త ఇంజన్ వైరు పాత మీటరుకి కలవలేదు. షెడ్డులో ముల్లు మధ్యలో నిలబెట్టి ఇచ్చేశారు."

"మరి వేడెక్కితే?"

"మీ బండి వేడెక్కినప్పుడల్లా అందరం ఆగుతున్నాం కదండీ. అప్పుడే నాదీ చల్లారుతుంది." గొంతు తగ్గించాడు. "సోమవారమే బాగు చేయిస్తాను. అత్తయ్యగారికి చెప్పకండి అన్నయ్యగారూ. ఆవిడకి నేనంటే ఆ నమ్మకం ఒక్కటే ఉంది."

నిజం చెప్పొద్దూ, పరుగెత్తుకెళ్లి ఆవిడతో చెప్పేయాలనిపించింది. కానీ శ్రీధర్, మరదలు ఆ జీపులోనే వంద కిలోమీటర్లు వెనక్కి వెళ్లాలి. ఇసుకలో మెకానిక్ ఎవరు దొరుకుతారు?

"నేను ముందు పోతాను. నేను ఆగినప్పుడల్లా నువ్వూ ఆగు. బాగా చల్లారాక, గుడ్డ వేసి మూత తీసి నీళ్లు చూసుకో" అన్నాను.

రెండున్నరకు బయల్దేరాం. అత్తగారు నా పక్కన కూర్చుని దారి పొడుగునా చేలు చూపిస్తూ కబుర్లు చెప్పారు. అవనిగడ్డ దాటాక చెట్టు నీడన ఆపి బానెట్ ఎత్తాను. "మళ్లీనా బాబూ?" అన్నారు. "కొంచెం వేడెక్కిందండీ" అన్నాను. కూచిపూడి దగ్గర రెండోసారి ఆపినప్పుడు ఆవిడ దిగిపోయారు. సంచి తీసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లి శ్రీధర్ జీపెక్కారు. శ్రీధర్ నా వైపు చూడలేక రోడ్డు వైపు చూశాడు.

సాయంత్రం ఐదింటికి ఉయ్యూరులో టీ పేరుతో మూడోసారి ఆపాను. మీరూ ఈ దారిన వెళ్తే మినుము కాలంలో ఎవరి వెనకా ఆనుకుని పోకండి. ఇంజన్ మార్పించుకున్న బండైతే మీటరు ముల్లు నిజంగా కదులుతోందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. అంతకుమించి నేను చెప్పగలిగింది లేదు.

"ముల్లు సగంలోనే ఉంది కదండీ, ఎందుకాపారు?" అంది లక్ష్మి.

జరిగింది చెప్పాను. లక్ష్మి తన టీ గ్లాసు నా చేతికిచ్చింది.

పక్క జీపులోంచి అత్తగారు చిన్న కూతురితో అంటున్న మాట స్పష్టంగా వినపడింది. "శ్రీధర్ బండయితే కళ్లు మూసుకుని కూర్చోవచ్చమ్మా. ఆ ముల్లు చూడు, పొద్దుట్నుంచీ కదిలిందా?"

నేను వేడెక్కిపోయాను. నా బండి ముల్లు మాత్రం సగం దాటలేదు.