పావురాలకు కట్టిన సినిమాలు

మా వదినను నేను క్షమించలేదు. మా ఆయనకు అక్క ఆవిడ. పెద్దావిడ, తెలియక చేసింది, పోనీ అని చాలామంది చెప్పి చూశారు. తెలియక అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడకు తెలుసు. ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనే చెప్పాను.

మాకు ఒక్కతే కూతురు. బడికి వెళ్లే వయసు వచ్చాక కూడా సొంతంగా ఒక్క మాట అనలేదు. అలాగని మూగది కాదు. కంప్యూటర్‌తో తీసిన పిల్లల బొమ్మల సినిమాలు ఉంటాయే, తెలుగులోకి డబ్బింగ్ అయినవి, వాటిలోని మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పేది. దాహం వేస్తే "కెప్టెన్, మన పడవలో మంచినీళ్లు అయిపోయాయి" అనేది. భయమేస్తే "దీపం ఆర్పకండి, నాన్నగారు ఇంకా రాలేదు" అనేది, వాళ్ల నాన్న పక్కనే కూర్చుని ఉన్నా సరే. మాది ఏంది, ఎట్ల అని మాట్లాడుకునే ఇల్లు. నాన్నగారు అన్న మాట మా రెండు వైపులా ఎవరి నోటా రాదు. అయినా మా పిల్ల ఏం అడుగుతోందో నాకు అర్థమయ్యేది.

ఎల్‌బీనగర్‌లో పిల్లలకు మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ ఆ సినిమాలు మానిపించమనలేదు. కొందరు పిల్లలు విడి మాటలు కాకుండా పూర్తి వాక్యాలే ముందు పట్టుకుంటారని, ఆ వాక్యాలే మెల్లగా విరిగి సొంత మాటలవుతాయని చెప్పింది. టీవీ ముందు వదిలేయకుండా పక్కన కూర్చుని చూడమంది. పిల్ల ఏ వాక్యం అన్నా, దాని వెనకున్న అవసరానికి జవాబివ్వమంది. అప్పటినుంచి నేను వాటిని వినోదంగా చూడడం మానేశాను. అవి నా కూతురి నోరు.

ఒకరోజు ఫోన్‌లోని యాప్‌లో ఆ పడవ సినిమా కనిపించలేదు. తీసేశారు. ఎందుకు తీసేశారో చెప్పేవాళ్లు లేరు. పిల్ల గోడకు తల బాదుకుంది. ఇంకోటి పెట్టు, దానికేం తెలుస్తుంది అన్నాడు మా ఆయన. ఆ రోజే అనుకున్నాను, ఇక ఎవడి దయా వద్దు, సినిమా నా అల్మారాలో ఉండాలని. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్‌లో పని చేస్తాను. మధ్యాహ్నం అన్నం మానేసి డీవీడీల కోసం తిరిగాను. ఒకప్పుడు వరసగా డిస్కులమ్మిన కొట్లన్నీ ఇప్పుడు ఫోన్ కవర్ల కొట్లు. నవ్వి పంపించారు. చివరికి వనస్థలిపురంలో మూతపడ్డ ఒక వీడియో లైబ్రరీ ఓనర్ తన ఇంటి వెనక గదిలో దుమ్ము పట్టిన పెట్టెలు చూపించాడు. అట్ట వెనక భాషల్లో తెలుగు ఉందో లేదో చూసుకుంటూ ఒక్కొక్కటి ఏరుకున్నాను. పడవ సినిమా దొరికింది. దీపం సినిమా దొరికింది. దొరికినవి ఇంటికి తెచ్చేకొద్దీ మా పిల్ల వాటిని అట్టల రంగును బట్టి అల్మారాలో సర్దుకునేది. నీలాలన్నీ ఒకచోట, ఎరుపులన్నీ ఒకచోట. ఎవరైనా మారిస్తే ఊరుకునేది కాదు.

అప్పుడు వదిన వచ్చింది. మోకాలికి ఆపరేషన్ అయింది. వనస్థలిపురంలో వాళ్లది పై అంతస్తు, లిఫ్టు లేదు. కొత్తపేటలో మా ఫ్లాటుకు లిఫ్టుంది, దవాఖాన దగ్గర. ఉండమన్నాం. నేను పథ్యం వండిపెట్టాను, వేణ్ణీళ్లు పెట్టాను. ఆవిడ మంచం మీద కూర్చుని మా పిల్లను చూస్తూ ఉండేది. ఈ సీడీలే పిల్లను ఇట్లా చేశాయని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. డాక్టరమ్మ చెప్పిందంతా విడమరిచి చెప్పాను. తల ఊపింది. ఆ ఆదివారం తనతో ప్రార్థన చేసుకునే ఆడవాళ్లను హాల్లోకి పిలిపించి, నా కూతురి నోరు తెరవమని ప్రార్థన పెట్టించింది. ప్రార్థన మీద నాకు కోపం లేదు, నేనూ చేసుకుంటాను. కాని అందరి మధ్యా నిలబడ్డ పిల్ల భయపడి, దీపం ఆర్పకండి అని అంటూనే ఉంది. నోరు తెరిచే ఉంది. వినేవాళ్లే లేరు.

పెళ్లిళ్ల సీజన్ మొదలై దుకాణంలో పని పెరిగింది. బడి నుంచి వచ్చాక పిల్లను పక్కింటివాళ్ల దగ్గర ఉంచేదాన్ని. నేనున్నా కదా, వాళ్లెందుకు అంది వదిన. సరే అన్నాను.

ఒక సాయంత్రం ఆటో దిగి తలెత్తితే మా బాల్కనీ మెరుస్తోంది. పావురాల బెడదకు జనం పాత సీడీలు వేలాడదీస్తారు, అన్ని ఫ్లాట్లలోనూ ఉంటాయి. మా బాల్కనీలో ఎప్పుడూ లేవు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాను. నా డిస్కులన్నీ దారాలకు వేలాడుతున్నాయి. గాలికి గ్రిల్లుకు కొట్టుకుని గీసుకుపోతున్నాయి. పిల్ల బాల్కనీ తలుపు దగ్గర నిలబడి చేతులు పైకి చాపి ఉంది. అందడం లేదు. ఏడవడం కూడా లేదు.

వదిన హాల్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఎవరు కట్టిండ్రు ఇవి?" అన్నాను.

"నేనే. కిందింటి పిలగాని తోటి కట్టిపిచ్చిన. పావురాలు గలీజ్ చేస్తున్నయ్. ఎట్లనన్న అవి పిల్లకు మంచివి గావు. రెండు పనులూ ఒక్కపారి అయినయ్."

"దాని మాటలు వాటిలనే ఉన్నయని చెప్పిన గదా వదినా."

ఆవిడ చింతపండు మీద నుంచి కళ్లెత్తలేదు. "మాటలు సినిమాల ఉంటయా? తల్లి నోట్ల ఉంటయ్. నువ్వు పొద్దున పోయి పొద్దుగూకినంక ఒస్తవ్. ఇగ దానికి మాటెట్ల ఒస్తది?"

పెళ్లయినప్పటి నుంచి ఆవిడను మీరు అనే పిలిచాను. ఆ రోజు నా నోటి నుంచి మీరు రాలేదు.

"రేపు పొద్దుగాల నీ ఇంటికి నువ్వు పో."

మా ఆయన వచ్చాక నన్ను వంటింట్లోకి పిలిచి, అక్కకు కాలు నొస్తోంది, జర ఓపిక పట్టమన్నాడు. "కాలు నొస్తదని నాకు తెల్వదా? నెత్తి మంచిగనే ఉంది గదా" అన్నాను. మరునాడు ఆయనే కారు మాట్లాడి ఆవిడను దింపి వచ్చాడు. నేను వెళ్లగొట్టానని ఆవిడ చుట్టాలందరికీ చెప్పుకుంది. అది అబద్ధమని నేనెప్పుడూ అనలేదు.

దారాలు కత్తిరించి డిస్కులన్నీ మెత్తటి గుడ్డతో తుడిచాను. ఒకటి రెండు తప్ప ఏవీ ఆడలేదు. పడవ సినిమా మధ్యలో ఆగిపోయింది, తుఫాను వచ్చే చోట. పిల్ల ఆగిపోయిన బొమ్మ ముందు కూర్చుని, మళ్లీ కదులుతుందని చూసింది. ఆ తర్వాత సినిమా మాటలు కూడా మానేసింది. దాహం వేస్తే నా చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాక్కెళ్లేది. అంతే. కొన్ని వారాలపాటు మా ఇంట్లో పిల్ల గొంతు లేదు. బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చుని మనసులో వదినను తిట్టుకుంటూనే చీరలకు రసీదులు కొట్టాను.

మళ్లీ మొదటి నుంచి వెతుకులాట మొదలైంది. మా ఆయన కూడా తిరిగాడు, ఆయన తెచ్చిందేమో హిందీది. చివరికి మా దుకాణానికి వచ్చే ఒకావిడ, విజయవాడ వైపు మనిషి, బడంగ్‌పేట్‌లో ఉంటుంది, మాటల్లో నా సంగతి విని ఇంటికి రమ్మంది. పిల్లలు పెద్దవాళ్లై చూడడం మానేశారట. వాళ్ల డిస్కులన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది. పిల్లను వెంట తీసుకెళ్లాను. తిరిగి వస్తుంటే ఆటోలో పెట్టె నా ఒళ్లో ఉంది. పిల్ల దాని మీద చెయ్యి వేసి నా మొహంలోకి చూసింది.

"అమ్మా, గిదేంది?"

ఏ సినిమాలోనూ లేని మాట. ఏ డబ్బింగ్ మనిషీ అలా అనడు. మా ఇంటి మాట, నా మాట. నాకు ఏడుపొచ్చింది. ఆటో అతను అద్దంలోంచి చూసి ఏమైందక్కా అంటే ఏం లేదన్నాను. సినిమాలు బిడ్డా అని చెప్పాను. సినిమాలు అంది.

ఇప్పుడది మాట్లాడుతుంది. తక్కువే, తడబడుతూనే, కాని దానివి. ఎలా వచ్చిందంటే, అప్పటికే విరుగుతున్న వాక్యాలు ఎలాగైనా విరిగేవని డాక్టరమ్మ అంటుంది. మా వదిన లెక్క వేరే. ఆ మధ్య చుట్టాల పెళ్లిలో భోజనాల దగ్గర అందరూ వినేట్టు చెప్పింది. "నేను ఆ సీడీలు తీసేస్తెనే పిల్లకు మాటొచ్చింది. అప్పుడు నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టె."

చుట్టూ ఉన్నవాళ్లు నా వంక చూశారు. కొందరు నమ్మేశారు కూడా. చేతిలో ముద్ద విస్తట్లో పెట్టాను.

"నీ వల్ల మాట రాలేదు వదినా, ఉన్నది పోయింది. తిరిగొచ్చేదాంక ఆ ఇంట్ల ఉన్నది నేను. నువ్వు గాదు."

వడ్డించే అతను సాంబారు గిన్నె పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. నేను చెయ్యి కడుక్కుని పిల్లను తీసుకుని బయటికి వచ్చేశాను. బండి మీద మా ఆయన, నలుగురి ముందు అనకుండా ఉండాల్సింది అన్నాడు. ఆవిడ నలుగురి ముందే కదా అన్నది అన్నాను.

మొన్న ఆదివారం ఇంకో కొత్త డిస్కు వచ్చింది. ఆకుపచ్చ అట్ట. అల్మారాలో ఆ రంగుది ఇంతవరకు లేదు. ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక పిల్ల చాలాసేపు నిలబడి, చివరికి పసుపుల పక్కన ఖాళీ చేసి పెట్టింది. మమ్మల్నిద్దరినీ కూర్చోమంది. సినిమా మధ్యలో మా ఆయన ఫోన్ మోగింది. పేరు చూసుకుని మెట్ల మీదికి వెళ్లి మాట్లాడి వచ్చాడు. అక్క అడిగిందన్నాడు, మనింటికి ఎప్పుడు రమ్మంటారని. నేను టీవీ వైపే చూస్తూ, పిల్ల సినిమా చూస్తోంది, గొంతు తగ్గించమన్నాను.