కడిగిన కంచం మీద అనుమానం

మీరెప్పుడైనా మంచి పని చేస్తూ దొంగలా పట్టుబడ్డారా? ఆ రోజుల్లో, అంటే నంద్యాలలో డిగ్రీ చదువుతూ, ప్రతి విషయాన్నీ అనుకూల, వ్యతిరేక పక్షాలుగా చీల్చనిదే నాకు నిద్ర పట్టని కాలంలో, చర్చా పోటీలకు మాకు శిక్షణ ఇచ్చే మాస్టారు ఒక మాట అన్నారు: సమాజాన్ని మార్చాలని వాదించేవారు ముందు ఇంట్లో ఒక చిన్న అలవాటు మార్చుకుని చూడాలని. నేను బాగా ఆలోచించి (పొద్దున్నే లేవడం వంటి కష్టమైనవన్నీ తీసేసి) తిన్న కంచం నేనే కడుక్కోవాలని తీర్మానించుకున్నాను.

ఆ శనివారం ఆళ్లగడ్డలో మా ఇంటికి వెళ్లి, అన్నం తిని, కంచంతో కుళాయి దగ్గరకు నడిచాను. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. పొలం నుంచి అప్పుడే వచ్చిన నాయన నన్ను తేరిపార చూశాడు.

"ఏం చేసొచ్చినావ్ రా ఆడ?"

"ఏం చేయలేదు నాయనా. ప్లేటు కడుగుతాండా."

"అదే అడిగేది. ఎందుకు కడుగుతాండావ్?"

శ్రమ గౌరవం, స్త్రీ పురుష సమానత్వం, ఆత్మసంస్కరణ అంటూ నేను సవివరంగా సమాధానం చెప్పాను. (న్యాయనిర్ణేతలు వేరు, నాయన వేరు అన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.)

"ఏమీ చేయనోడు ఇంతసేపు మాట్లాడడు," అన్నాడాయన. నిజం చెప్పేదాకా నంద్యాల బస్సు ఎక్కేది లేదన్నాడు. సోమవారమే తుది పోటీ, మా కళాశాల తరఫున మాట్లాడేది నేనే అని మొత్తుకుంటే, అదీ సాకులాగే వినిపించింది. పరీక్ష తప్పానేమోనని, ఎవరైనా అమ్మాయి ఉందేమోనని, చివరికి జబ్బేదో దాస్తున్నానేమోనని అమ్మ వరుసగా ఆరా తీసింది. నేను పట్టు వదలక మళ్లీ కడిగాను. అనుమానం మరింత బలపడింది.

మరునాడు ఆదివారం. చర్చిలో ప్రార్థన మనవులు చెప్పుకునే సమయంలో అమ్మ లేచి నిలబడింది.

"మా పిల్లోడు ఉన్నట్టుండి మంచోడైపోయినాడు అయ్యగారూ. ఏందో దాస్తాండాడు. ప్రార్థన చేయండి."

పాస్టరుగారు నా పేరెత్తి మరీ ప్రార్థించారు. వెనుక నుంచి వినిపించిన ఆమెన్‌లు కూడా గట్టిగానే ఉన్నాయి. సిగ్గుతో ఇంటికి వచ్చి, నాలుగు ముద్దలు తిని, కంచం అక్కడే వదిలేసి గదిలోకి వెళ్లి పడుకున్నాను. కాసేపటికి వంటింట్లో అమ్మ నాయనతో అంటున్న మాట వినిపించింది: "దేవునికి స్తోత్రం. ప్లేటు ఆడనే ఇడ్సిపెట్టినాడు. బాగైనాడు."

సాయంత్రం నాయనే బస్టాండుకు వచ్చి, కిటికీ పక్క సీటు చూసి నన్ను కూర్చోబెట్టాడు.

సోమవారం 'మార్పు ఇంటి నుంచే మొదలవ్వాలి' అన్న పక్షాన వాదించి బహుమతి గెలిచాను. మీ ఇంట్లో ఏమైందని ఎదుటివారు అడగలేదు గనుక బతికిపోయాను. చప్పట్ల మధ్య తల ఎగరేసిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలీ కలుగుతుంది. అమ్మను ఒప్పించేంత మాటకారితనం వాడికి లేదు. ఇంకో వారం ఓపిక పట్టి కంచం కడుగుతూ పోయి ఉంటే ఆ మాటకారితనం అవసరమే ఉండేది కాదు.

అందుకే మీకొక విన్నపం. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి కాస్త మంచిగా ప్రవర్తిస్తే, దయచేసి కారణం అడగకండి. చూసీ చూడనట్టు పక్కకు తప్పుకోండి.