వెలుతురు చూసి ఎంచిన హోటలు

దిల్‌సుఖ్‌నగర్ చీరల వ్యాపారుల్లో మారయ్యను ఎరగనివారు లేరు. పోచంపల్లి పక్క పల్లెలో ఏడో తరగతి దాకా చదివాడు. ఆ బడిలో ఎక్కాలు తడుముకోకుండా అప్పజెప్పింది ఆయనొక్కడే. ఆయన నేసిన చీర ఢిల్లీ ప్రదర్శనకు పోయింది. సైకిలు వెనక మూట కట్టుకొని సైదాబాద్ గల్లీల్లో తిరిగిన మనిషి, మెయిన్ రోడ్డుకు ఆనుకొని సొంత దుకాణం తెరిచాడు. ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టాడు. చేనేత సంఘానికి రెండుమార్లు అధ్యక్షుడయ్యాడు. తెలంగాణ కోసం ఎక్కడ ధర్నా జరిగినా ముందు వరుసలో కూర్చున్నాడు. ఇన్ని చేసినవాడికి తన భార్య ఏం తింటుందో మాత్రం తెలియదు.

ఆ సంగతి దవాఖానలో బయటపడింది. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో రాజేశ్వరమ్మ మేడమీద బట్టలు ఆరేస్తూ కళ్లు తిరిగి పడిపోయింది. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, "ఒంట్లో రక్తమే లేదు. రోజూ ఏం తింటారీమె?" అని మారయ్యనే అడిగింది. ఆయన కోడలివైపు చూశాడు.

పక్కనున్న కోడలు ఇందు చెప్పింది. "అందరం తిన్నంక మిగిలింది తింటది మేడం. మామయ్య ఇంట్ల ఉంటే ముద్ద ముట్టదు."

వాళ్ల ఇళ్లలో అది పాత మర్యాద. మగ్గం దిగివచ్చి మగవాడు తినిపోయాకే ఆడది తినాలి. అదీ ఆయన కంటబడకుండా, పొయ్యి పక్కన గోడవైపు తిరిగి కూర్చొని తినాలి. పెళ్లయిన నాటినుంచి రాజేశ్వరమ్మ తినగా మారయ్య చూడలేదు. చూడలేదన్న ఆలోచన కూడా ఆయనకు ఏనాడూ రాలేదు.

మందులకన్నా వేడివేడిగా కడుపునిండా తినడం ముఖ్యమని చెప్పి పంపించారు. ఆ రాత్రే ఆయన పీట పక్కన ఇంకో పీట వేయించాడు. ఆమె కూర్చున్నట్టే కూర్చొని, పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి పోయింది. మర్నాడు కుక్కరు కూసింది. ఆ తర్వాత పక్కింటి కిష్టమ్మ పిలిచింది. ఇంట్లో ఉన్నంతకాలం ఈమెకు పని దొరుకుతూనే ఉంటుందని మారయ్యకు అర్థమైంది. పెళ్లిరోజు దగ్గరపడింది. ఆ రోజు వంటిల్లు లేనిచోట ఆమెను కూర్చోబెట్టి తినిపించాలని పట్టుబట్టాడు. తినకపోతే మళ్లీ పడిపోతుందన్న భయం ఆయన్ను వదలడంలేదు.

"మంచి రొమాంటిక్ హోటల్ చూడాలె మామయ్యా" అంది ఇందు.

"గదేందమ్మా, రొమాంటిక్ అంటే?"

"ఇద్దరు కూసుంటే వేరేటోళ్లు కనబడొద్దు. గంతే."

ఆమె చెప్పిన హోటలుకే ముందు వెళ్లాడు. అద్దాల తలుపు, బల్లకొక కొవ్వొత్తి, గోడల మీద గుడ్డపూలు. బల్లల దగ్గర కుర్రజంటలు గుసగుసలాడుకుంటున్నాయి. మారయ్య తన కండువా అంచును కొవ్వొత్తి దగ్గర పట్టి చూశాడు. నూలు కొన్నా రంగు కొన్నా ముందు వెలుతురు చూడటం ఆయన అలవాటు.

"ఎర్రదేదో మెరూనేదో తెలుస్తలేదు. గీ చీకట్ల కూరేం కనబడ్తది?" అన్నాడు మేనేజరుతో.

"కండువా కొనడానికి రారండీ ఇక్కడికి" అన్నాడతను.

ఎల్బీనగర్‌లో చెట్లకింద బల్లలు వేసిన ఇంకో హోటలు చూశాడు. అక్కడ దోమలు ముందు భోంచేసేటట్టున్నాయి. చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లోనే సాంబమూర్తి హోటలు నచ్చింది. సాంబమూర్తి గుంటూరువైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. హాలు నిండా ట్యూబులైట్లు. కండువా అంచులో ప్రతి పోగూ లెక్కపెట్టవచ్చు. రాజేశ్వరమ్మ తింటుంటే కళ్లారా చూడాలంటే ఇంతకన్నా మంచిచోటు లేదనుకున్నాడు.

పెళ్లిరోజునే బంద్ వచ్చిపడింది. సాయంత్రం ఆరు దాటాక బంద్ సడలింది. ఇద్దరూ ఆటోలో వెళ్లారు. హోటల్లో ఇంకెవరూ లేరు. సాంబమూర్తి స్వయంగా వచ్చి అన్నం, నాటుకోడి పులుసు, గుత్తివంకాయ వడ్డించాడు.

"మీరు వస్తానన్నారని పొయ్యి వెలిగించాను మారయ్యగారూ. లేకపోతే ఇవాళ తెరిచేవాణ్నే కాదు."

రాజేశ్వరమ్మ కొంగును భుజం చుట్టూ కప్పుకొని కూర్చుంది. "నువ్వు తిను" అంది మెల్లగా.

"ఈడ ముందు వెనక లేదు. ఇద్దరం ఒక్కసారే తినాలె."

ఆమె అన్నం కలిపింది. ముద్ద చేసింది. తలెత్తితే ఎదురుగా ఆయన కళ్లు, నెత్తిమీద ఆ లైట్లు. ముద్దను మళ్లీ పళ్లెంలో విడిచింది.

"ఏమే, కారమున్నదా?"

"లేదు. గట్ల చూడకయ్యా."

"చూడక ఏం చెయ్యాలె? చూద్దామనే గదా తోలుకొచ్చిన."

"గందుకే లోపలికి పోతలేదు" అందామె. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పులుసు చల్లారుతోంది. ఊరంతా గాలించి ఎంచుకున్న వెలుతురే ఆమె గొంతుకు అడ్డంపడిందని మారయ్యకు అప్పుడర్థమైంది.

అంతలో రోడ్డు మీద నినాదాలు వినిపించాయి. కాగడాల ఊరేగింపు వస్తోంది. సాంబమూర్తి ఉరికి షట్టరు కిందికి లాగి, లైట్లన్నీ ఆర్పేశాడు. "ఏమనుకోకండి. ఎవరైనా ఒక రాయి విసిరితే నా అద్దాలు పోతాయి" అన్నాడు చీకట్లోనే. షట్టరు కింది సందులోంచి కాగడాల ఎర్రటి వెలుగు నేలమీద కదులుతోంది. ఎవరో షట్టరు తట్టారు.

మారయ్య లేచి తడుముకుంటూ వెళ్లాడు. "ఎవరు బిడ్డా?"

"గీ గొంతు మన మారయ్య తాతది గదరా" అన్నారు బయట. ఇంకో గొంతు అందుకుంది. "ఏం తాతా, మేం గొంతులు చించుకుంట తిరుగుతుంటే నువ్వు షట్టర్ ఏసుకొని తింటున్నవా?"

ధర్నాల్లో ముందు వరుస మనిషికి ఆ మాట తగలవలసినచోటే తగిలింది. అయినా దాచలేదు. "ఔ బిడ్డా. మా ఇంటామెకు పానం బాగలేదు. నాలుగు మెతుకులు తినిపిద్దామని తోలుకొచ్చిన. ఈ సాంబమూర్తి మనోడే, వేడిగ వండిపెట్టిండు. జర నిమ్మళంగ పోండ్రి."

బయట నవ్వారు. "సరే తాతా. రేపు ధర్నా టెంటుకాడికి మాక్కూడ తెప్పియ్యి, ఒక్కనివే తినకు." వెలుగు సందులోంచి జరిగిపోయింది. వీధి మలుపు తిరిగాకే నినాదాలు మళ్లీ లేచాయి.

సాంబమూర్తి గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ నిశ్శబ్దంలో మారయ్యకు వెనకనుంచి చిన్న చప్పుడు వినిపించింది. పళ్లెం అంచుకు గాజులు తగులుతున్నాయి. ఆగి, మళ్లీ తగులుతున్నాయి. ఆయన కదలలేదు, వెనక్కి తిరగలేదు. సాంబమూర్తి స్విచ్చులవైపు అడుగువేస్తే చెయ్యి పట్టి ఆపాడు.

"ఇంకొంచెంసేపు ఉండనియ్యి" అన్నాడు గుసగుసగా.

"ఎందుకండీ?"

"తింటున్నది."

చాలాసేపు ఇద్దరు పెద్దమనుషులు షట్టరు దగ్గర కాపలావాళ్లలా నిలబడ్డారు. చివరికి చీకట్లోంచి ఆమే పిలిచింది. "అన్నా, ఇంకింత పులుసున్నదా? వంకాయ గుడ అయిపోయింది."

"ఉందమ్మా, బోలెడుంది" అంటూ సాంబమూర్తి వంటింటివైపు దీపం ఒక్కటే వేసి లోపలికి పోయాడు.

ఆ మసక వెలుతురులో మారయ్య వచ్చి, ఈసారి ఎదురుగా కాకుండా ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరి ముఖాలూ గోడవైపే ఉన్నాయి. ఆమె చెయ్యి ఆగలేదు. పళ్లెం ఖాళీ అవుతోంది.

"నీ పులుసు చల్లారిపాయె. ఇంక తిను" అందామె.

పొద్దుటినుంచి తానూ ఏమీ తినలేదన్న సంగతి మారయ్యకు అప్పుడు తెలిసింది. ఎదుటి వైపున్న తన పళ్లెం దగ్గరికి లాక్కొని పెద్ద ముద్ద కలిపాడు.