తాళి తెల్లబడిన రోజు

నా చిన్నప్పుడు వడమాలపేటలో మా ఇంట్లో జరిగిన ఈ సంగతి రాసిపెట్టకపోతే నాతోనే పోతుంది. పాదరసాన్ని ఎలా పట్టుకోవాలో గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. భయపడిన మనిషి గుప్పిట్లోంచి దాన్ని ఎలా తీసుకోవాలో మాత్రం ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

నాయన విషజ్వరంతో కన్ను తెరవకుండా పడి ఉన్నాడు. అమ్మ చేతిలోని థర్మామీటరు జారి పగిలింది. గచ్చు మీద దొర్లుతున్న పాదరసాన్ని ఆమె వంగి ఎత్తబోతే మెడలోని పుస్తెలు దానికి తగిలి, చూస్తుండగానే వెండిలా తెల్లబడ్డాయి. మొగుడు మంచంలో ఉండగా తాళి ఇలా అయిందేమిటని అమ్మ కూలబడిపోయింది.

"నిప్పు మీద రవ్వంతసేపు పెడితే తెలుపు పోతాదిలే" అంది అవ్వ.

నాయనకు చలిగాలి తగలకూడదని తలుపులూ కిటికీలూ మూసి ఉన్నాయి. అమ్మ కుంపటి రాజేసి, తాళి మెడలోంచి తీయకుండానే పుస్తెలను నిప్పుల మీదికి వంచబోయింది. నేను భయంతో కేకపెట్టాను.

ఆ కేక విని పక్కింటి అక్క పరుగెత్తుకొచ్చింది. ఆమె తిరుపతిలో పాదరసంతో ఇతర లోహాలను కలిపి పరిశోధన చేసేది. రావడంతోనే కుంపటిని వీధిలోకి లాగేసింది.

"అత్తా, బంగారం పాదరసాన్ని తాగింది, అంతే. కాలిస్తే అది కనపడని ఆవిరై మీ ఊపిరిలోకి పోతాది. తీసి ఇయ్యి. మా ల్యాబులో ఆవిరి లాగేసే పెట్టె ఉండాది, ఆడ బాగుచేసి తెస్తా."

"ఆయన అట్లుంటే తాళి తీయమంటావా? పెండ్లి కాని దానివి, నీకేం తెలుసు!" అమ్మ పుస్తెలను గుప్పిట బిగించింది.

అక్క వంటింట్లోంచి పసుపుకొమ్ము తెచ్చి దారానికి కట్టి, నాయన చేతికి తాకించింది. "ముందు ఇది కట్టుకో అత్తా. తాళి సంగతి తరువాత సూద్దాం."

పుస్తెలు మరమ్మతుకు ఇచ్చేటప్పుడు మా ఆడవాళ్లందరూ చేసే పనే అది. ఆ గాభరాలో ఎవరికీ తోచలేదు. అమ్మ ముడి వేసుకొని, అప్పుడు గుప్పిట విప్పింది.

అక్క పుస్తెలను సీసాలో వేసి మూత బిగించింది. తలుపులన్నీ తెరిచి, మంచం వరండాలోకి మార్పించింది. ఊడిస్తే ఇంకా చెదిరిపోతాదని చీపురు పట్టిన అవ్వను ఆపి, పాదరసపు పూసలను కార్డు ముక్కతో నీళ్ల సీసాలోకి ఎత్తింది.

పుస్తెలు పచ్చగా తిరిగొచ్చాయి. నాయన లేచి కూర్చునేసరికి వానాకాలం వచ్చేసింది.

ఎవరినైనా ఏదైనా వదలమని చెప్పవలసి వస్తే, ముందు వాళ్ల చేతికి ఏమి అందించగలనా అని నేటికీ వెతుక్కుంటాను. చీపురు కింద పెట్టిన అవ్వకు, గుప్పిట విప్పిన అమ్మకు, కోపగించుకోని పక్కింటి అక్కకు నా దండాలు.