అనూరాధ గోటిలో రేణువులు

అనూరాధ పిరికిదని ఆఫీసులో అందరూ అంటారు. అననివ్వండి. థోరియంతో పనిచేసే మనిషికి భయం లేకపోతే, ఆ మనిషి పక్కన కూర్చోడానికి మనం భయపడాలి. విశాఖలో ఓ పరిశోధనశాలలో ఆమె కెమిస్టు. సముద్రపు ఇసుకలో తేనెరంగు రేణువులుంటాయి. వాటిని ఆమ్లంలో కరిగించి, నూనెలాంటి ద్రావకం కలిపి బాగా కుదిపి కాసేపు వదిలేస్తే, పైకి తేలిన పొరలోకి థోరియం చేరుతుంది. ఆ పొరను ఇంకా శుభ్రంగా వేరుచేసే దారి కోసం ఆరేళ్లు ధారపోసింది. జాలరి ఇంటి పిల్ల. తల్లి చిట్టమ్మ చేపలమ్మి చదివించింది. ఇంతా చేసి, రెండు జతల గ్లౌజులు తొడుక్కోనిదే సీసా మూతైనా ముట్టదు.

కాన్పు సెలవు అయిపోయి మళ్లీ పనిలో చేరిన సోమవారం సాయంత్రం, ఇంటికి బయల్దేరుతూ గుమ్మం దగ్గరి యంత్రంలో చేతులు పెట్టింది. ఒంటికి రేడియోధార్మిక ధూళి అంటిందేమో చూసే యంత్రం అది. కుడిచెయ్యి పెట్టగానే గీమని అరిచింది. నాలుగుసార్లు కడిగాక ఊరుకుంది. మంగళవారం మళ్లీ అదే గోల.

ఆ సాయంత్రం ఏడు నెలల కూతురు యశస్విని చేతులు చాస్తే అనూరాధ ఎత్తుకోలేదు. పెరట్లో నిలబడి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూనే ఉంది. తన చేతులతోనే విషం మోసుకొచ్చి బిడ్డకు పూస్తోందేమోనని ఆమె భయం.

"ఏటే, పిల్ల గుక్కపట్టి ఏడుత్తంటే అలగ నిలబడిపోనావు? ఎత్తుకుంటే మింగేత్తాదేటి?" అని నవ్వింది చిట్టమ్మ.

బుధవారం అనూరాధ ల్యాబులో అడుగే పెట్టలేదు. వేరే గదిలో కూర్చుని రిపోర్టు రాసుకుంది. అయినా సాయంత్రం యంత్రం అరిచింది. సేఫ్టీ అధికారి గుణశేఖర్ భూతద్దం తెచ్చి ఆమె వేళ్లు ఒక్కొక్కటే చూశాడు. చూపుడువేలి గోటి సందులో రెండు రేణువులు కనిపించాయి.

"ఇవాళ ల్యాబులోకి వెళ్లారా మేడమ్?"

"లేదండీ."

"అయితే ఇది ఇక్కడిది కాదు. బయట్నుంచి మీరే తెస్తున్నారు."

బయటంటే ఇల్లు. ఇంట్లో ఉన్నది పిల్ల.

అప్పటికప్పుడు గుణశేఖర్ రేడియేషన్ కొలిచే చేతిమీటరు పట్టుకుని ఆమె వెంట వచ్చాడు. వీధి గుమ్మంలో అది ఎప్పటిలాగే టిక్కు టిక్కుమంది. వంటింట్లోనూ అంతే. ఊయల దగ్గరికి వచ్చేసరికి పోపులో ఆవాల్లా చిటపటలాడింది. అనూరాధ కెవ్వుమని బిడ్డను లాక్కుంది. మీటరు దిండు మీద పెడితే చప్పుడు ఇంకా పెరిగింది. దిండు కుట్టు ఒకచోట ఊడి ఉంది. అందులోంచి నల్లటి ఇసుక జారుతోంది, మధ్యమధ్యలో తేనెరంగు రేణువులు.

పసిబిడ్డ తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు వెయ్యడం మనకు మామూలే కదా.

"ఆవాలైతే దిండు పక్కకి జారిపోతాదని, ఒడ్డున నల్లిసక సూసి సూసి ఏరి తెచ్చి కుట్టాను బాబూ. బరువుగా, సల్లగా ఉంటాది. మా ఇంట్లో అందరికీ అదే," అంది చిట్టమ్మ.

"ఏడు నెలలమ్మా! ఏడు నెలలు దీనిమీదే పడుకుందే!" అని అనూరాధ బావురుమంది. తల్లిని అని ఏం లాభం? ఆవాలే అనుకుని రోజూ ఆ దిండు సర్దింది తన చేతులే. పొద్దస్తమానం కరిగించే ఇసుకే ఇంట్లో బిడ్డ తల కింద ఉందని ఆమెకు తట్టనే లేదు.

గుణశేఖర్ కాగితం మీద లెక్కలేశాడు. "కంగారు పడకండి. ఈ మోతాదుకు పిల్లకేమీ కాదు. దిండు మాత్రం నేను తీసుకెళ్తాను," అని దాన్ని ఓ డబ్బాలో పెట్టి మూత బిగించాడు. బిడ్డకు తలారా స్నానం చేయించి తెచ్చాక మీటరు పెట్టి చూశాడు. టిక్కు... టిక్కు. అంతే. అనూరాధకు అప్పుడు ఊపిరి వచ్చింది.

చిట్టమ్మ మాత్రం తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొగుడు తుపానులో చిక్కుకున్న నాడు కూడా బెదరని మనిషి, ఇప్పుడు బెదురుచూపులతో కూతుర్నే చూస్తోంది. మెల్లగా వచ్చి కూతురి రెక్క పట్టుకుని గుణశేఖర్ ముందుకు లాగింది.

"బాబూ, దీన్ని కూడా సూడు. దీనికి రెండేళ్లొచ్చేదాకా అదే దిండు ఎట్టాను."

"అమ్మా, ఎప్పటి మాట అది? ఇప్పుడు చూస్తే ఏం తెలుస్తుంది?"

"నువ్వూరుకో. బాబూ, నువ్వు సూడు."

తల్లి పట్టు విడవలేదు. ముప్పై నాలుగేళ్ల అనూరాధ జడ పక్కకు తీసి మీటరు ముందు తల వంచింది.