పల్లీ లేని పట్టీ

వనపర్తిలో ఉంటూ గోపాల్‌పేట దగ్గర ఒక పల్లె బడిలో పాఠాలు చెబుతున్న రోజుల్లో నాకు ఒళ్ళంతా దద్దుర్లు మొదలయ్యాయి. మాత్ర వేసుకుంటే తగ్గేవి, మానేస్తే మళ్ళీ లేచేవి. కర్నూలులో చూసిన డాక్టరమ్మ పాలు, గోధుమలు, గుడ్లు, పల్లీలు, నువ్వులు, వంకాయ అన్నీ మానేయమంది. ఒళ్ళు నెమ్మదించాక తాను చెప్పినప్పుడు ఒక్కొక్కటే తిని చూస్తే, పడనిదేదో బయటపడుతుందట.

మా అత్తమ్మకు ఆ మాట మింగుడు పడలేదు. "మన చేన్ల పల్లీలు తింటే రోగమొస్తదా? ఏం డాక్టరమ్మ బిడ్డా ఆమె!" అంది. నాకు విడిగా పెసరపప్పు వండిపెడుతూనే, చేయకూడని పనేదో చేస్తున్నట్టు మొహం ముడుచుకునేది.

అసలు కష్టం బడి వదిలాక. బస్సు కోసం నిలబడితే ఆకలికి కళ్ళు తిరిగేవి. బిస్కెట్లలో గోధుమ, చాక్లెట్లలో పాలు. పొట్లాల వెనక చీమల్లాంటి అక్షరాలు చదివి తిరిగి ఇచ్చేసేదాన్ని. చివరికి వనపర్తి బస్టాండు దగ్గర బెల్లం పట్టీలు చేసి అమ్మే ముసలాయన్ను అడిగాను.

"చాచా, పుట్నాల పట్టీలో పల్లీలు ఏమన్న కలుపుతరా?"

"లేదమ్మా, ఉత్త పుట్నాలు, బెల్లమే. జర తిని సూడు."

మర్నాడు బడి వదిలాక, కొని దాచుకున్న ఆ పట్టీ తిన్నాను. పెదవులు చిమచిమలాడి ఉబ్బాయి. గొంతు బిగుసుకుంది. తోటి టీచరు ఆటోలో వేసుకుని వనపర్తి దవాఖానకు తెచ్చింది. ఊపిరి అందక కొట్టుకుంటున్నా, 'పట్టీ తిని చచ్చిందంటారు' అని సిగ్గేసింది.

ఇంజెక్షన్‌తో బతికాను. విషయం తెలిసి చాచా దవాఖానకే వచ్చాడు. "పల్లీలదైనా, పుట్నాలదైనా పాకం ఆ ఒక్క బండ మీదనే పోస్త టీచరమ్మా. గింతకే గిట్లయితదని నాకు తెల్వదు" అంటూ తల పట్టుకున్నాడు. అత్తమ్మ వాచిన నా మొహాన్ని తడిగుడ్డతో తుడిచింది.

ఇంటికి వచ్చాక ఆమె కొత్త గిన్నె కొని, మురుమురాలతో పట్టీ చేసింది. "అన్నీ కడిగిన బిడ్డా. నీకోసమే చేసిన" అని నా ముందు కూర్చుంది. చేతిలో ముక్క పట్టుకున్నాను కానీ నోటి దాకా పోలేదు. ఆమె కళ్ళు చూసి చివరికి కొరికాను. ఏమీ కాలేదు. అయినా చీకటి పడేదాకా ఆమె నా పెదవులు చూస్తూనే ఉంది.

తర్వాత పాలు, గోధుమలు, మిగతావన్నీ ఒక్కొక్కటిగా నా కంచంలోకి తిరిగొచ్చాయి. పల్లీలు మాత్రం జన్మలో ముట్టొద్దంది డాక్టరమ్మ.

ఆ ఏడు పల్లికాయ ఇంటికొస్తే, కూలీలు వాకిట్లో కూర్చుని తెంపుతున్నారు. నేను తలుపేసుకుని లోపలే ఉన్నాను. "కోడలు బయటికి రాదేంది?" అని ఎవరో అడిగారు.

"ఆమెకు పడయ్" అంది అత్తమ్మ.

"సొంత చేన్లయి గూడనా?"

ఆమె జవాబు కోసం లోపలి నుంచి చెవులు రిక్కించాను. ఆమె కాయల కుప్పను నా తలుపుకు దూరంగా ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.